ముందు మెకానిక్కుని వెతకండి, తర్వాత మిషను కొనండి

(తెనాలిలో ఇంటి దగ్గర బట్టలు కుట్టే పొదుపు సంఘాల మహిళలతో ఒక టైలరమ్మ మాట్లాడిన మాటలివి. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమమ్మా. మైకు లేదు, కరెంటు పోయింది. కరెంటు మిషన్ల గురించి చెప్పమని పిలిచి కరెంటు తీసేశారు. (నవ్వులు) వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. నాది పెద్ద గొంతే గానీ, అందరూ పుస్తకాలతో విసురుకుంటుంటే ఆ చప్పుడే నాకు ఎక్కువగా వినబడుతోంది.

ఈ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాను. ఇది మా అత్తగారి నల్ల మిషను. ఇది దానికి బిగించే మోటారు. ఇది కాలిపోయిన ఇస్త్రీ పెట్టె, దీని కథ తర్వాత చెప్తాను. కరెంటొస్తే మోటారు బిగించి చూపిస్తాను. అందాకా మాటలే.

నేను 24 ఏళ్లుగా కుడుతున్నా. బ్లౌజులు, లంగా ఓణీలు, పిల్లల గౌన్లు, బడులు తెరిచే ముందు యూనిఫాంలు. మా ముందుగదే నా కార్ఖానా. ఇంజనీరింగ్ ఏమీ చదవలేదు. ఇవాళ చెప్పేవన్నీ డబ్బు తగలేసి నేర్చుకున్నవే. ఆ డబ్బులో మీవి కొన్నైనా మిగిలితే అదే పదివేలు.

మొదట నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. పెళ్లయిన ఆరేళ్లకు చిట్టీ పాడుకున్న డబ్బు చేతికొచ్చింది. తిన్నగా షోరూంకి వెళ్లాను. అక్కడ తెల్లటి మిషను, చంకలో పెట్టుకుని తెచ్చుకునేంత తేలిక. అక్కడి కుర్రాడు గుడ్డముక్క పెట్టి గుండ్రటి బటను తిప్పుతుంటే పువ్వులొస్తున్నాయి, ఆకులొస్తున్నాయి, బాతుపిల్లలు వరసగా నడిచొస్తున్నాయి. ఆ బాతుపిల్లల్ని చూసి పడిపోయాను. ఇరవై మూడు రకాల కుట్లట! చిట్టీ డబ్బంతా అక్కడే పోసి, మిషన్ని ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాను.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు పక్కింటి అబ్బాయి జీన్స్ ప్యాంటు కాళ్లు మడిచి కుట్టమన్నాడు. పక్క కుట్టు మీదికి వచ్చేసరికి గుడ్డ ఎన్ని పొరలవుతుందో మీకు తెలుసు. తొక్కాను. లోపల ‘టక్’ మంది. చక్రం తిరుగుతోంది గానీ సూది కదలడం లేదు. మా వీధి మెకానిక్కు వచ్చి, అడుగు విప్పి, తెల్లటి పళ్ల చక్రం ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. ప్లాస్టిక్‌ది. రెండు పళ్లు ఊడిపోయాయి. "అక్కా, ఇది నా దగ్గర ఉండదు, కంపెనీకే పంపాలి" అన్నాడు. పంపాను. రెండున్నర నెలలు పట్టింది. అదీ ఎప్పుడు? సరిగ్గా శ్రావణ మాసం ముందు! వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజులు ఇచ్చినవాళ్లు రోజూ గుమ్మంలో నిలబడేవాళ్లు.

అప్పుడు అటక మీదున్న ఈ నల్ల మిషన్ని దింపించాం. దీని స్టాండు మీద బియ్యం డబ్బా పెట్టుకుని వాడుకుంటున్నాం అప్పటిదాకా. మెకానిక్కు కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె వేసి, కొత్త తోలు బెల్టు తగిలించాడు. ఆ శ్రావణమంతా దీని మీదే గడిచింది. తెల్ల మిషను తిరిగొచ్చాక ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇరవై మూడు కుట్లలో నేను వాడింది రెండే. తిన్నగా పోయేది ఒకటి, జిగ్‌జాగ్ ఒకటి. బాతుపిల్లలు వేయించుకున్న కస్టమరు ఒక్కరూ లేరు.

ఆ కంపెనీ పేరు చెప్పను, అడక్కండి. ఆ మిషను కూడా చెడ్డదేం కాదు. ఇంట్లోవాళ్ల బట్టలు నెలకు నాలుగు కుట్టుకునేవాళ్లకు హాయిగా నడుస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు తొక్కేదాన్ని నేను తెచ్చుకోవడమే తప్పు.

అప్పట్నుంచీ నాది ఒకటే పద్ధతి. ఏదన్నా కొనాలనిపిస్తే ముందు షోరూంకి పోను, మెకానిక్కు కొట్టుకి పోతాను. ఊరికే నిలబడి చూస్తాను. బల్ల మీద ఏ రకం మిషన్లు విప్పి ఉన్నాయి? గోడకున్న డబ్బాల్లో ఏ స్పేర్ పార్టులున్నాయి? రిపేరుకు ఎక్కువ వచ్చిందంటే చెడ్డ మిషనేనా అని అడుగుతారు మీరు. అలా అనుకోకండి. ఊళ్లో ఎక్కువమంది వాడేదే కొట్లోనూ ఎక్కువ కనబడుతుంది. అది సాయంత్రం ఇస్తే పొద్దున్నకి చేతికొస్తుందా, పార్టు కోసం పక్క ఊరు పోవాలా, అదే చూసుకోండి. మనకి ఒక్కరోజు పని ఆగితే ఎంత నష్టమో ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

ఈ నల్ల మిషను సంగతి కాస్త చెప్పాలి. అమెరికాలో ఐజాక్ సింగర్ తన మిషనుకి పేటెంటు తీసుకున్నది 1851లో. మన దేశంలో ఉషా మిషన్లు కలకత్తాలో తయారవడం మొదలైంది 1930ల్లో. యంత్రాలంటే అంత అనుమానంగా చూసిన గాంధీగారు కూడా 1924లో మాట్లాడుతూ సింగర్ కుట్టుమిషన్ని మాత్రం మినహాయించారు. మనిషికి పనికొచ్చే కొద్ది వస్తువుల్లో అదొకటి అన్నారు. కాబట్టి అత్తగారి మిషన్ని పాత సామానుకి వేసేముందు ఒకసారి ఆలోచించండి. లోపల ఉన్నదంతా ఇనుమూ ఉక్కూనే. అరిగితే మార్చుకోవచ్చు, బిగుసుకుంటే కడుక్కోవచ్చు. సూది ఏ కొట్లోనైనా దొరుకుతుంది. కొబ్బరి నూనె మాత్రం వెయ్యకండి తల్లీ! చలికాలంలో అది గడ్డకడుతుంది, తర్వాత జిగురై పట్టేస్తుంది. సగం రిపేర్లు ఆ కొబ్బరి నూనె వల్లే అంటాడు మా మెకానిక్కు.

కాలితో తొక్కి తొక్కి మోకాళ్లు పట్టేసినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, కొత్త మిషను వద్దు, దీనికే మోటారు పెట్టించండి అని. పెడల్‌తో కలిపి వెయ్యి పైన, రెండు వేల లోపు వచ్చేస్తుంది. ఇదిగో, ఇది చేతిలో పట్టుకుని చూసి అటు పంపండి. బరువుగా ఉంది కదా? లోపల చుట్టింది రాగి తీగైతే బరువుంటుంది. అల్యూమినియం చుట్టినవి తేలిగ్గా ఉంటాయి, తొందరగా వేడెక్కుతాయి. డబ్బా మీద ‘ఫుల్ కాపర్’ అని ఎవరైనా రాసుకోవచ్చు. అదే సైజువి రెండు రకాలు రెండు చేతుల్లో పట్టుకుంటే మీకే తెలిసిపోతుంది.

వాట్లు ఎక్కువుంటే మంచిదనుకుంటారు. ఇంటి మిషనుకి 100 నుంచి 150 వాట్లు చాలు. దుకాణంలో అందరూ వేగం చూస్తారు, ఝామ్మని తిప్పి చూపిస్తే చాలు, డబ్బులిచ్చేస్తారు. మీరు నెమ్మది చూడండి. పెడల్ మీద బొటనవేలు ఆనిస్తే సూది ఒక్కో కుట్టు, ఒక్కో కుట్టుగా దిగాలి. బ్లౌజు మెడ గుండ్రం తిప్పేటప్పుడు మనకు కావాల్సింది ఆ నెమ్మదే. తొక్కంగానే ఎగిరి దూకే మోటారుతో పట్టుబట్ట కుట్టలేరు. పాతరకం పెడళ్లు నెమ్మదిగా నడిపినప్పుడు బాగా వేడెక్కుతాయి, వాటిలో ఆపిన కరెంటంతా వేడిగా మారుతుంది. కాస్త ఎక్కువిచ్చినా ఎలక్ట్రానిక్ పెడల్ తీసుకోండి.

దుకాణంలోనే పది నిమిషాలు ఆడించమనండి. ఏమీ అనుకోరు, అనుకున్నా మనకేం? తర్వాత అరచెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసనొచ్చినా అక్కడే వదిలేసి రండి. ఇంకొకటి, చక్రం మనవైపుకి తిరుగుతోందో లేదో చూసుకోండి. ఒకసారి నాకు వెనక్కి తిరిగే మోటారు అంటగట్టారు. దారం చిక్కుపడుతుంటే మిషనుదే తప్పనుకుని టెన్షన్ తిప్పుతూ కూర్చున్నా. దారం టెన్షన్ సరే, నా టెన్షన్ ఎవరు సరిచేస్తారు? (నవ్వులు)

ఇక్కడ చూడండి, మోటారుకి రెండు పక్కలా నల్లటి మూతలున్నాయి. స్క్రూడ్రైవర్‌తో ఇలా తిప్పితే... ఇదిగో, స్ప్రింగు, దాని చివర పెన్సిలు ముక్కలాంటి నల్లటి పుల్ల. కార్బన్ బ్రష్ అంటారు. ఇది లోపల తిరిగేదానికి రాసుకుంటూ కరెంటు అందిస్తుంది, రాసుకునీ రాసుకునీ అరుగుతుంది. పావు అంగుళానికి వచ్చిందంటే మార్చెయ్యాలి. మోటారు ఆగి ఆగి నడుస్తున్నా, లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనబడుతున్నా ముందు దీన్నే చూడండి. ప్లగ్గు పీకి మరీ చూడండి. మోటారు పోయిందని మా వీధిలో ఒకావిడ కొత్తది కొనేసింది. పాతది నేను అడిగి తెచ్చుకుని కార్బన్లు మార్చాను. మీ చేతుల్లో తిరుగుతున్నది అదే.

కొనేముందు ఈ మూతలు బయటికి కనబడుతున్నాయా లేదా చూడండి. కార్బన్లు మార్చే వీల్లేకుండా మూసేసిన మోటారు ఎంత చవకైనా వద్దు.

బెల్టు గురించి ఒక్క మాట. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది, వదులైతే జారుతుంది. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, అంతే. మిషనుకి నూనె వేసేటప్పుడు బెల్టు మీద పడనివ్వకండి.

ఇప్పుడు నా వేలు చూపిస్తాను. ఈ చూపుడువేలు గోరు మధ్యలో గీత చూశారా? మోటారు పెట్టించిన రెండో వారం. సూదికి దారం ఎక్కిస్తున్నా, కాలు పెడల్ మీదే ఉంది. ఫోను మోగింది. ఉలిక్కిపడి కాలు నొక్కాను. సూది గోట్లోంచి దిగి కిందికి వచ్చేసింది. కేకేస్తే మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి స్విచ్చాపి, చక్రం వెనక్కి తిప్పి వేలు తీశాడు. అప్పుడు వాడికి పదేళ్లు. తొక్కుడు మిషను మనం ఆపితే ఆగుతుంది, దానికి సొంతబలం లేదు. మోటారుకి ఉంది. దారం ఎక్కించినా, సూది మార్చినా, బాబిన్ డబ్బీ తీసినా కాలు తీసి పక్కన పెట్టండి. స్విచ్చు చేతికందేచోట ఉండాలి, మంచం వెనకాల ఉండకూడదు.

స్విచ్చంటే గుర్తొచ్చింది. అందరూ మిషను ఏది కొనాలని అడుగుతారు గానీ గోడకున్న ప్లగ్గు గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఒక వానాకాలం నేల తడిగా ఉంది, చెప్పుల్లేకుండా కూర్చున్నా. మిషను ఒంటిమీద చెయ్యి ఆనగానే చీమలు కుట్టినట్టు జుమ్మంది. పట్టించుకోలేదు. రెండోసారి గట్టిగా లాగింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ప్లగ్గు బోర్డు విప్పి చూపించాడు. మూడు కన్నాలున్నాయి కదా, పైనున్న పెద్ద కన్నం ఎర్తింగుది, అంటే మిషను ఒంట్లోకి కారిన కరెంటుని నేలలోకి పంపేది. ఆ కన్నం వెనకాల వైరే లేదు! ఇల్లు కట్టినప్పటినుంచీ అది ఉత్త కన్నమే. ఇన్నేళ్లు మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి నిశ్చింతగా ఉన్నాం.

నల్ల మిషను ఒళ్లంతా ఇనుమే. దానికి మోటారు పెట్టారంటే ఎర్తింగు ఉండి తీరాలి. మోటారు కొనేముందే ఎలక్ట్రీషియన్‌తో ఆ మూడో కన్నం పరీక్ష చేయించండి. వీలుంటే మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు దారితప్పి మన ఒంట్లోకి పోతుంటే అది క్షణంలో కొట్టేస్తుంది. ఎంసీబీ వేరు, ఇది వేరు. ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. దీనికి పెట్టే డబ్బుతో ఒక్క బ్లౌజూ ఎక్కువ కుట్టలేం, నిజమే. అయినా నేనైతే ముందు దీనికే పెడతాను.

బిల్లు గురించి భయపడతారు మీరు. లెక్క చెప్తాను. 100 వాట్ల మోటారు పది గంటలు ఆపకుండా తిరిగితే ఒక యూనిట్. పది గంటలు ఎవరూ ఆపకుండా తొక్కరు. అదే 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె గంటకే దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. మధ్యమధ్యలో దానంతటది ఆగుతుంది కాబట్టి కాస్త తక్కువ. అంటే మీ బిల్లు పెంచేది ఇస్త్రీ పెట్టె. మోటారు మీద నింద వేసి ఇస్త్రీ పెట్టెని వెలిగించి వదిలేస్తాం మనం. నేను ఒక్కో కుట్టుకీ లేచి ఇస్త్రీ చేయను. నాలుగైదు బ్లౌజుల ముక్కలు ఒక దశకి తెచ్చుకుని, ఒకేసారి వేడిచేసి అన్నిటికీ తిప్పేస్తాను.

ఇక ఈ కాలిన పెట్టె. ఎగ్జిబిషన్‌లో కొన్నాను, సగం ధర. చూడ్డానికి మంచి కంపెనీదానిలాగే ఉంటుంది, పేరులో ఒక అక్షరం తేడా. ఐఎస్ఐ గుర్తు లేదు. నేను చూసుకోలేదు. ఒకరోజు లోపల వేడిని ఆపే థర్మోస్టాట్ అతుక్కుపోయింది. పట్టు మీద పెట్టాల్సిన వేడికి తిప్పే ఉంది, అయినా వేడెక్కుతూనే పోయింది. పెళ్లికూతురి బ్లౌజు, ధర్మవరం పట్టు. బ్లౌజు చెయ్యి మీద పెట్టె పెట్టాను, తీశాను. ముక్కోణం మచ్చ. పెళ్లి ఎల్లుండి. చీర కొంగు లోపలివైపు నుంచి ముక్క తీసి రెండు చేతులూ మార్చి కుట్టాను. కూలి తీసుకోలేదు, పైన డబ్బులిచ్చాను. వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. సగం ధరకి కొన్న పెట్టె ఎన్ని పెట్టెల ఖరీదు పట్టుకుపోయిందో చూడండి.

ఇస్త్రీ పెట్టెకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, లేకుండా అమ్మడమే తప్పు. మన పనికి 1000 వాట్ల మామూలు పెట్టె, కాస్త బరువున్నది, పక్కన నీళ్లు చల్లే స్ప్రే సీసా చాలు. సిల్కు మీద సన్నటి నూలు గుడ్డ పరిచి చేసుకోండి. స్టీమ్ పెట్టె కావాలంటారా? కావాల్సినవాళ్లకి కావాలి. సల్వార్లు, గౌన్లు ఎక్కువ కుట్టేవాళ్లకి, లైనింగు ఉబ్బకుండా అణచాల్సినవాళ్లకి. కానీ మన బోరు నీళ్లు పోశారంటే ఆరు నెలల్లో కన్నాలన్నీ సున్నం పట్టి, తెల్లటి మరకలు బట్ట మీద కక్కుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ నీళ్లు పొయ్యాలి. ఆ ఓపిక లేకపోతే స్టీమ్ జోలికి పోకండి.

స్టీమ్ పెట్టెల్లో 2000 వాట్లవీ ఉంటాయి. వాటిని చిన్న ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి, దాని వెనక కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇస్త్రీ పెట్టె, మోటారు, ఫ్యాను, ఫోను ఛార్జరు అన్నీ తగిలిస్తాం కదా, ఇస్త్రీ చేసేటప్పుడు ఒకసారి ఆ వైరు పట్టుకుని చూడండి. వెచ్చగా తగిలితే ఆ రోజే తీసేయండి. చుట్టూ గుడ్డముక్కలూ దారప్పోగులూ ఉండే గది మనది.

ఏంటమ్మా? నీలం చీర చెల్లెమ్మ ఏదో అడుగుతోంది... జాక్ మిషను, అదే గార్మెంటు యూనిట్లలో వాడే వేగం మిషను, కొంటే రోజుకి ఎన్ని బ్లౌజులు కుట్టొచ్చు అంటోంది. మంచి ప్రశ్న. దీనికి జవాబు కోసమే ఒకరోజు ఫోన్లో టైమరు పెట్టుకుని లైనింగ్ బ్లౌజు కుట్టాను. కత్తిరింపు, ముక్కలు జత చెయ్యడం, ఇస్త్రీ, హుక్సులు, చేతిపని, అన్నీ కలిపి రెండున్నర గంటలైంది. అందులో సూది నిజంగా కదిలింది 25 నిమిషాలు కూడా లేదు. నిమిషానికి 4000 కుట్లు వేసే మిషను తెచ్చినా ఆ 25 నిమిషాల్లోనే ఆదా. మెడ గుండ్రాలు దాని మీదైనా నెమ్మదిగానే తిప్పాలి. హుక్సు అది కుట్టదు.

అదే నైటీలు, పెట్టీకోట్లు, యూనిఫాంలు కుట్టేవాళ్లకి లెక్క వేరు. పొడుగు కుట్లు, ఒకటే కొలత, వందల ముక్కలు. వాళ్లకి జూకీ, జాక్ రకం ఇండస్ట్రియల్ మిషను ఆ సీజన్లోనే తేడా చూపిస్తుంది. నేనూ యూనిఫాం ఆర్డరు వచ్చాకే కొన్నాను, రాబోతోందని కొనలేదు.

కొంటే మోటారు ఏదో చూసుకోండి. పాతవాటికి కింద క్లచ్ మోటారు ఉంటుంది. స్విచ్చేసిన దగ్గర్నుంచి అది తిరుగుతూనే ఉంటుంది, మీరు కుట్టినా, దారం కత్తిరించినా, టీ తాగొచ్చినా. బిల్లు సరే, ఆ హోరు ఇంట్లో భరించలేరు. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, తియ్యగానే ఆగుతుంది, వేగానికి హద్దు పెట్టుకునే బటను ఉంటుంది. మొదటి నెల తక్కువలోనే పెట్టుకోండి. రాత్రి పిల్లలు పడుకున్నాక కుట్టుకోవచ్చు, పక్కవాళ్లు తలుపు కొట్టరు. మూతపడ్డ గార్మెంటు యూనిట్ల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ మిషను చవకగా దొరికితే, తల, అంటే బల్ల మీద కుట్టే భాగం, బాగుంటే తీసుకుని, క్లచ్ పీకేసి సర్వో పెట్టించండి. నేను చేసింది అదే.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు కరెంటు పెట్టకముందు చక్రం చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టేసినట్టు ఉందా? సూది కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదులుతోందా? మీ సంచిలో జార్జెట్ ముక్క ఒకటి, జీన్స్ ముక్క ఒకటి పట్టుకెళ్లండి. వాళ్లిచ్చే గట్టి కాటన్ ముక్క మీద ప్రతి మిషనూ బాగానే కుడుతుంది. అన్నట్టు దాని సూదులు గుండ్రటి కాడవి, ఇంటి మిషను సూదికి ఒకపక్క చదునుగా ఉంటుంది. ఒకదానివి ఒకదానికి పనికిరావు. బల్ల నాలుగడుగుల పొడుగు, తల ఒక్కరు ఎత్తలేరు. మేడమీద అద్దెకుండేవాళ్లు ముందు మెట్ల మలుపు కొలుచుకోండి.

ఓవర్‌లాక్ మిషను నా లెక్కలో ఇస్త్రీ పెట్టె తర్వాత రావాల్సింది. లోపల అంచులు పోగులూడకుండా ఉంటే కస్టమరు చూసే చూపే మారుతుంది. చిన్న మూడు దారాలది, మోటారు పెట్టింది, మనకి సరిపోతుంది. దారం ఎక్కించడం మొదట్లో ఏడిపిస్తుంది. ఎక్కించి ఉన్నప్పుడు ఫోనులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచుకోండి. చీర అంచులకి వేసే పీకో కుట్టుకి మీ వీధిలో ఇప్పటికే ఇద్దరు ముగ్గురుంటే ఇంకో మిషను అనవసరం, వాళ్లకే ఇచ్చేయండి.

కరెంటు కత్తెర, రౌండ్ కట్టరు, ఇవి పదేసి పొరలు ఒకేసారి కోసేవాళ్లకి. బ్లౌజుకి మంచి ఉక్కు కత్తెర, దాన్ని సానపట్టేవాడి ఫోన్ నంబరు చాలు. ఆన్‌లైన్లో చూపించే చేతిలో పట్టుకునే బుల్లి బ్యాటరీ మిషను ఎవరైనా కొన్నారా? సిగ్గుపడకండి, నేనూ కొన్నా. అది ఒంటిదారం గొలుసుకుట్టు వేస్తుంది. చివర ముడి వెయ్యకుండా కొస పట్టుకుని లాగితే కుట్టంతా జర్రున ఊడొస్తుంది. మా మనవరాలు ఆడుకుంటోంది దాంతో.

డబ్బు గురించి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, వాటిలో దర్జీ పనీ ఉంది. శిక్షణతో పాటు పనిముట్లకి 15 వేల దాకా వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు ఇస్తారు. ఇంటికి ఒక్కరికే. వోచరు వస్తే కంగారుపడి 15 వేలకీ ఒకటే మెరిసే మిషను తెచ్చేసుకోకండి. ఇంట్లో నల్ల మిషను ఉన్నవాళ్లు ఆ డబ్బుతో మోటారుతో ఓవర్‌లాక్, మంచి ఇస్త్రీ పెట్టె చూసుకుంటే పని ఎటు పెరుగుతుందో మీకే తెలుస్తుంది. బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి పెట్టుకోండి. కాయితం మీద సిరా ఎండాకాలానికే ఎగిరిపోతుంది.

ఇంకెవరో చెయ్యెత్తారు. ఇన్వర్టరు మీద నడుస్తుందా అని. మోటారు నడుస్తుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరైతే శబ్దం లేకుండా, పాత రకమైతే కాస్త గుర్రుమంటూ. ఇస్త్రీ పెట్టె మాత్రం దాని మీద పెట్టకండి, బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తుంది. ఇన్వర్టరు లేనివాళ్లు ఆ తోలు బెల్టు పారెయ్యకండి, స్టాండుకే వేలాడదీసి ఉంచండి. మోటారు బెల్టు తీసి అది ఎక్కించడానికి రెండు నిమిషాలు. ఇవాళ్టిలా పోయిందనుకోండి, మళ్లీ కాళ్లతో...

ఆ, వచ్చింది, వచ్చింది! ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు ఇప్పుడు లేవరు, నాకు తెలుసు. (నవ్వులు) ఆ మోటారు ఎవరి చేతిలో ఉందమ్మా? ఇటివ్వండి. ముందు ఆ ప్లగ్గులో మూడో కన్నానికి ఎర్తింగు ఉందో లేదో ఈ హాలు ఎలక్ట్రీషియన్‌ని అడిగి, అప్పుడు బిగిద్దాం.